లాంచీ నేల కింద

కచ్చులూరు దగ్గర బోటు మునిగాక గోదావరి మీద విహారం బోట్లన్నీ ఆగిపోయాయి. ఆ ఆగిన కాలంలోనే మా మావయ్యకు ఒక పని దొరికింది. రేవులో ఇసుక మీదకి లాగి పెట్టిన ఒక పాత బోటుకి నేల మార్చాలి. పని కోసం మనిషి కావాలంటే నన్నూ తీసుకెళ్లాడు. బోటువాళ్లు దాన్ని ఫ్లోరింగు అంటారు. మావయ్య నేల అనే అంటాడు. బోటు అడుగు వేరు, నేల వేరు. అడుగు నీళ్లను బయట ఉంచుతుంది. నేల మనిషిని మోస్తుంది. ఈ రెండింటి నడుమ మోకాలి లోతు ఖాళీ ఉంటుంది. ఎక్కేవాళ్లెవరూ ఆ ఖాళీని చూడరు. చూడాలని కూడా అనుకోరు.

మొదటి రోజు కుర్చీలు విప్పి బయట పెట్టాం. కింద చెక్క బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ షీటు ఉంది. దూరం నుంచి చూస్తే నిజం టేకులాగే ఉంటుంది. అది చింపితే కింద ప్లైవుడ్. అంచులన్నీ ఉబ్బి, పొరలు విడిపోయి, తడిసిన అట్టలా ఉంది. ప్లైవుడ్ లేపితే దాని కింద ఇంకో నేల కనిపించింది. జానెడు వెడల్పు పలకలు, పాత ఇనప మేకులు, మేకు చుట్టూ నల్లని మచ్చలు. మావయ్య ఒక పలక మీద చేత్తో రాసి, "ఇది నేను ఎరిగిన నేలేరా అల్లుడా" అన్నాడు. ఆ బోటు విహారం బోటు కాకముందు ఊళ్ల మధ్య తిరిగిన లాంచీ. అతను కుర్రాడిగా ఉన్నప్పుడు దాంట్లో కళాసీగా చేశాడు. పైన రంగులూ పేరూ మారాక గుర్తుపట్టలేదు. నేల చూశాక గుర్తుపట్టాడు.

అప్పుడే నాకు ఇది రాయాలనిపించింది. గోదావరి మీద మావాళ్ల చరిత్రను రాసినవాళ్లు కొండల గురించి రాశారు, పోడు గురించి రాశారు, పితూరీల గురించి రాశారు. కాళ్ల కింద ఉన్న చెక్క గురించి ఎవరూ రాయలేదు.

మొదట మాకు నేల లేని పడవలే ఉండేవి. తెప్పకు నేల అక్కర్లేదు, అడుగే నేల. వెదుళ్లు కట్టలు కట్టి, కట్టకి కట్ట జోడించి, తీగతో బిగిస్తే తెప్ప అయిపోతుంది. నీళ్లు కిందనుంచి వచ్చి కిందకే పోతాయి. దానిలోకి నీళ్లు ఎక్కాయి అనే మాటే లేదు. ఒకే మానును తొలిచిన దోనెకి కూడా విడిగా నేల ఉండదు. మనిషి మాను కడుపులోనే కూర్చుంటాడు. చిల్లు పడితే కళ్లెదుటే పడుతుంది, చేత్తో మూయొచ్చు. మా ముసలివాళ్లు లాంచీ ఎక్కడానికి మొదట్లో భయపడ్డారని చెప్పుకుంటారు. వాళ్లది అడవి మనుషుల భయమని బయటివాళ్లు నవ్వారు. నాకు మాత్రం అందులో తప్పేమీ కనపడదు. కింద ఏముందో కనపడని పడవని నమ్మడానికి ఎవరికైనా టైము పడుతుంది.

తెప్ప మావాళ్లదే గానీ తెప్ప మీద సరుకు మావాళ్లది కాదు. 1940ల మొదట్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు పాపికొండల్లో మా కొండరెడ్ల ఊళ్లు తిరిగాడు. 1945లో అతని పుస్తకం వచ్చింది. పాపికొండలను ఇంగ్లీషువాళ్లు అడవిదున్నల కొండలని పిలిచేవారు, పుస్తకానికీ ఆ పేరే పెట్టాడు. ఏటి ఒడ్డు ఊళ్ల రెడ్లు కలప వ్యాపారులకి అప్పుపడి, ఆ అప్పు తీర్చడానికి వెదురు నరికి, ఒడ్డుకి మోసి, తెప్పలు కట్టే కూలికి ఎలా చిక్కారో అందులో ఉంది. కొండ మీద ఉన్న ఊళ్లవాళ్ల కంటే ఏటి ఒడ్డువాళ్లే ఎక్కువ చితికిపోయారని అతను గమనించాడు. ఏరు దగ్గరుంటే బతుకు సులువని అందరూ అనుకుంటారు. ఏరు దగ్గరుంటే వ్యాపారి కూడా దగ్గరే ఉంటాడు.

పచ్చి టేకు దుంగ నీళ్లలో మునుగుతుంది. దానికి రెండు పక్కలా వెదురు కట్టలు కడితే తేలుతుంది. మునిగే దాన్ని తేలించే ఆ ఉపాయం చేతిలో ఉన్నవాడికి మాత్రం అప్పు తేలలేదు. తెప్ప రాజమండ్రి చేరాక కట్టు విప్పేసి వెదురూ దుంగా అమ్ముకునేవారు. తెప్ప నడిపినవాడు నడిచి వెనక్కి రావాలి. పడవ మిగలని ప్రయాణం అది. మా తాత అట్లా ఎన్నిసార్లు నడిచాడో లెక్క లేదు.

పెద్ద పడవలు మా వైపు వచ్చింది వేరే పని మీద. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ తర్వాత కాటన్ దొర ఆలోచన ఎగువ గోదావరి మీదకి మళ్లింది. నాగపూరు, బీరారు వైపు పత్తిని నదిమీదుగా కాకినాడ రేవుకి దించాలని. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండుకి అక్కడి పత్తి ఆగేసరికి ఆ తొందర ఇంకా పెరిగింది. దుమ్ముగూడెం దగ్గర రాళ్ల అడ్డుని దాటించడానికి ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. హేగ్ అనే ఇంజినీరు ఆ పని చూశాడు. కోయల ఊళ్ల నడుమ అంత పని జరిగింది. పత్తికి రైలు దారి దొరకడంతో 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ అక్కడే ఉంది, పత్తి పడవ ఒక్కటీ లేదు. ఎవరి సరుకు కోసమో మా ఏటికి మెట్లు కట్టి, సరుకు వేరే దారి పట్టగానే వదిలేశారు.

స్టీమరు మాత్రం పత్తికే కాక ఇంకో పనికీ అక్కరకొచ్చింది. 1879లో రంప పితూరీ లేచినప్పుడు సర్కారు పటాలాలను గోదావరి మీదుగా స్టీమర్లలో తెచ్చింది. కల్లు మీద పన్నూ, మునసబుదారు గుంజుడూ భరించలేక లేచిన జనం మీదకి. కాబట్టి చెక్కల నేల పరిచిన పెద్ద పడవను మా కొండలవాళ్లు చూసినప్పుడు దాని మీద బూట్ల కాళ్లు నిలబడి ఉన్నాయి. ఇది నేను కల్పించి రాస్తున్న బొమ్మే, కానీ అబద్ధం కాదు.

డీజిలు లాంచీలు వచ్చాక కథ కొంచెం మారింది. లాంచీ మాకూ బస్సు అయింది. దేవీపట్నం నుంచి కొండమొదలు వరకూ, ఆ పైన పేరంటాలపల్లి, కొల్లూరు దాకా ఒడ్డు ఊళ్లకి చాలాకాలం రోడ్డు లేదు. ఆసుపత్రికి పోవాలన్నా, సంతకి పోవాలన్నా, రేషను బియ్యం తెచ్చుకోవాలన్నా లాంచీయే. పురుడు వచ్చిన మనిషిని మంచంతో సహా ఎక్కించేవారు. చింతపండు గంపలు, కొండచీపుర్లు, మేకలు, కోళ్లు, సిమెంటు కట్టలు, పెళ్లివాళ్లు, అన్నీ ఆ ఒక్క నేల మీదే.

ఆ కాలపు లాంచీ నేలలో ఒక మంచి గుణం ఉంది. ఆ పాత బోటులో ఆ గుణం ఎలా పోయిందో కళ్లతో చూశాను కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. పలకలు అన్నీ మేకులు కొట్టి ఉండేవి కావు. నడిమి వరస పలకలు ఊరికే పరిచి ఉండేవి. వేలు దూరేంత కంత ఉండేది, అందులో వేలు పెట్టి లేపొచ్చు. కళాసీ పని పొద్దున్నే ఆ పలకలు లేపి, అడుగున చేరిన నీళ్లు డబ్బాతో తోడి పోయడం. మావయ్య పదకొండేళ్లకే ఆ పనిలో చేరాడు. డబ్బాలు లెక్కపెట్టమని సరంగు చెప్పేవాడట. నిన్న ఇరవై, ఇవాళ ముప్ఫై అయితే ఎక్కడో కారుతున్నట్టు. అంతే పరీక్ష. కాగితం లేదు, మీటరు లేదు. రోజూ నేల ఎత్తి చూసేవాడు ఒకడు ఉన్నాడు, అదే భద్రత.

చట్టం లేకపోలేదు. యంత్రంతో నడిచే పడవలకి 1917లోనే చట్టం వచ్చింది. మొదట్లో దాని పేరులోనే ఆవిరి పడవ అన్న మాట ఉండేది. ఏటా పడవని సర్వే చేయించి సర్టిఫికెట్టు తీసుకోవాలన్నది అందులో ముఖ్యమైన మాట. నూరేళ్లకి పైగా అదే చట్టం నడిచి, 2021లో కొత్తది వచ్చింది. అదే 1917లో ఏజెన్సీలో భూమి గిరిజనుల చేతిలోంచి పోకుండా ఇంకో చట్టం చేశారు. ఒకే ఏడు పుట్టిన ఈ రెండు చట్టాలకీ మా దగ్గర ఒకే గతి పట్టింది. కాగితం మీద గట్టిగా ఉన్నాయి, రేవు దాకా నడిచి రాలేదు.

విహారం ఎప్పుడు మొదలైందని అడిగితే తేదీ చెప్పడం కష్టం. శ్రీరామనవమికి రాజమండ్రి నుంచి భద్రాచలం లాంచీలో పోయే భక్తులు ఎప్పటినుంచో ఉన్నారు. దారిలో కొండలు చూసి ఆనందపడేవారు. 1973లో బాపు గారి అందాల రాముడు సినిమా వచ్చింది. సినిమా అంతా ఆ లాంచీ ప్రయాణమే. ఊరికే కొండలు చూడటానికి కూడా ఆ ప్రయాణం చేయొచ్చని తెలుగు దేశానికంతా తెలిసింది. 2006లో శేఖర్ కమ్ముల గోదావరి వచ్చాక ఇంక చెప్పక్కర్లేదు. ఆదివారం వస్తే రేవు తిరనాళ్లలా ఉండేది. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం, మైకులో పాటలు, పేరంటాలపల్లిలో వెదురు బొమ్మలు. ఆ వెదురు బొమ్మలు అమ్మి మా ఊళ్లలో నాలుగు ఇళ్లు నడిచాయి, ఆ మాట కూడా చెప్పాలి. బోట్లు రావద్దని మావాళ్లు ఎప్పుడూ అనలేదు.

కానీ విహారానికి వచ్చేవాళ్ల కోసం నేల మారింది. సంతకి పోయేవాళ్లకి పలక కదిలినా పరవాలేదు. చెప్పులు తడిసినా పరవాలేదు. చీరలు కట్టుకొని, పిల్లల్ని ఎత్తుకొని, టిక్కెట్టు కొని వచ్చేవాళ్లకి నేల చదునుగా ఉండాలి, మెరవాలి, చప్పుడు చేయకూడదు. డాన్సు చేస్తే ఊగకూడదు. డీజిలు వాసన పైకి రాకూడదు. కాబట్టి కదిలే పలకల మీద ప్లైవుడ్ పరిచి మేకులు దిగ్గొట్టారు. దాని మీద షీటు అంటించారు. వేలు పెట్టే కంతలన్నీ దాని కింద మూసుకుపోయాయి. పైన ఇంకో అంతస్తు లేపి దానికీ నేల వేశారు. లాంచీ అలంకారం పెరిగింది. డబ్బాలు లెక్కపెట్టే కుర్రాడి పని పోయింది.

మేం ఆ బోటులో చూసింది ఇదే. ప్లైవుడ్ లేపి, పాత పలకలు లేపి చూస్తే అడుగున నల్లని నీళ్లు. డీజిలు, వాననీళ్లు, కూల్‌డ్రింకు అన్నీ కలిసి కుళ్లిన వాసన. అందులో వేరుశనగ తొక్కలు, ప్లాస్టిక్ చెంచాలు, ఒక పిల్ల జడ రిబ్బను, చాలా రూపాయి బిళ్లలు. గోదారమ్మకి వేసిన బిళ్లలు ఏటిలో పడకుండా నేల సందుల్లోంచి బోటు కడుపులోకి జారిపోయినవి. మావయ్య వాటిని ఏరి, కడిగి, మళ్లీ ఏట్లోనే వేశాడు. మొక్కు మొక్కే కదా అన్నాడు.

అడుగు ఇనప రేకుది. దాని మీద అడ్డంగా ఇనప కమ్ములు, వాటి మీద నేల. ఒక్కో కమ్మికి కింద చిన్న కంతలు ఉంటాయి. బోటులో ఎక్కడ నీళ్లు పడినా ఆ కంతల్లోంచి జారి, లోతైన చోటుకి, అంటే తోడే చోటుకి చేరాలి. ఆ కంతలు చెంచాలతో, తొక్కలతో పూడిపోయాయి. ఎడమ పక్క గదుల్లో నీళ్లు అలాగే నిలిచిపోయాయి. నీళ్లు ఒక పక్క నిలిచి ఉంటే బోటు ఆ పక్కకి కొంచెం ఒరుగుతుంది. ఒరిగితే మిగతా నీళ్లూ అటే పోతాయి. ఒడ్డు మీద ఇది చిన్న విషయం. వరదలో మలుపు తిప్పేటప్పుడు చిన్న విషయం కాదు.

చెక్క ఎందుకు కుళ్లిందో కూడా మావయ్య చూపించాడు. పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్న దుంగ ఏళ్ల తరబడి చెడదు. ఎండిన దుంగ చెడదు. తడుస్తూ ఆరుతూ, ఆరకుండా మూసి ఉంచిన చెక్కే బూజు పట్టి చెడుతుంది. ఆ పైన షీటు అంటిస్తే తడి పైకి పోలేదు, కింద గాలి ఆడదు. పైగా ఇది మంచినీళ్ల ఏరు. ఉప్పునీటి పడవల చెక్క కంటే మంచినీటి పడవల చెక్క తొందరగా కుళ్లుతుంది, వాననీళ్లు మరీ చెడ్డవి. అంచుల దగ్గర, మేకుల దగ్గర, కుర్చీ బోల్టుల దగ్గర మొదలవుతుంది. ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది కోసిన చోటా, పొడిచిన చోటా.

ఇంకో సంగతి నా బుర్రలోకి వచ్చింది, అది నేను బడిలో నేర్చిన లెక్క వల్ల. లేపిన ప్లైవుడ్‌ని మూడడుగుల చదరం ముక్కలుగా కోశాం. చింతపండు తూచే కాటా మీద పెడితే ఒక్కో ముక్క ఎనిమిది కిలోల దాకా తూగింది. నేల పొడవు 45 అడుగులు, వెడల్పు 14. అంటే 630 చదరపు అడుగులు, అట్లాంటి ముక్కలు 70. 560 కిలోలు. మనిషికి 60 కిలోలు వేసుకుంటే తొమ్మిది మంది. ఎవరూ టిక్కెట్టు కొనకుండా, ఎవరి లెక్కలోకీ రాకుండా తొమ్మిది మంది రోజూ ఆ బోటు ఎక్కి దిగకుండా కూర్చున్నారు. పై అంతస్తు నేల, దాని కుర్చీలు, మైకు పెట్టెలు ఇంకా కలపలేదు. పైన ఉన్న బరువు కింద ఉన్న బరువు కంటే చేటు, అది దోనె ఎక్కి నిలబడిన ఏ పిల్లాడికైనా తెలుసు. నిలబడితే తూలుతుంది, కూర్చుంటే కుదురుతుంది. సర్టిఫికెట్టులో ఇంతమంది అని రాసినప్పుడు ఉన్న నేల ఒకటి. ఆ తర్వాత దాని మీద పరిచినది ఇంకొకటి. రాసిన అంకె మాత్రం మారదు.

ఈ లెక్క చెప్పి ఫలానా ప్రమాదానికి ఇదే కారణమని నేను అనడం లేదు. ప్రమాదాలకి వాటి కారణాలు వాటికున్నాయి. 2018 మే 15న మంటూరు దగ్గర మునిగింది విహారం బోటు కాదు, మావాళ్లు ఊళ్లకి తిరిగి వస్తున్న లాంచీ. గాలివాన మొదలైతే తడవకుండా తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ బోర్లా పడింది. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. మా చుట్టాల్లో ఇద్దరు ఆ లాంచీలో ఉన్నారు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారం బోటు మునిగింది. ఏరు వరదలో ఉంది. బోటులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. బతికింది 26 మంది. వాళ్లను నాటు పడవల మీద పోయి ఎక్కువగా తీసింది ఆ ఒడ్డు ఊళ్ల గిరిజనులే. పేపర్లలో వాళ్ల ఫోటోలు వచ్చాయి, మెచ్చుకున్నారు. బోటు ఏటి అడుగున 38 రోజులు ఉంది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి, తాళ్లు వేసి అక్టోబరు 22న బయటికి లాగింది. ఆ రోజు ఒడ్డున నిలబడ్డ జనంలో నేనూ ఉన్నాను. బురద పట్టిన రేకు పైకి వచ్చేటప్పటికి ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాతే తనిఖీలు, కంట్రోలు రూములు, లైఫు జాకెట్లు అని గట్టిగా మొదలైంది. ఆ తనిఖీకి నిలబడాలనే మా బోటు యజమాని నేల మార్పించాడు. అతను చెడ్డమనిషి కాదు. బోటు ఆగిపోయి అప్పులో ఉన్నాడు. అతను అడిగింది ఒక్కటే. పై షీటు తీసి, మెత్తబడ్డ చోట ముక్క వేసి, మళ్లీ కొత్త షీటు అంటించేయండి, మూడు రోజుల పని. మావయ్య ఒప్పుకోలేదు. "బాబూ, పుండు మీద పట్టీ మారిస్తే పుండు మానదు. లేపితే మొత్తం లేపుతాను, లేదంటే మీరు ఇంకొకణ్ణి చూసుకోండి" అన్నాడు. కూలి మనిషి అట్లా అనేసరికి యజమాని కాసేపు చూశాడు. ఆ లాంచీలో పదకొండేళ్లప్పుడు నీళ్లు తోడిన మనిషని అప్పటికి అతనికి తెలియదు.

మొత్తం లేపాం. మూడు రోజుల పని నెల దాటింది. నీళ్లు తోడి, బురద గోకి, అడుగంతా సబ్బునీళ్లతో కడిగి పదిరోజులు ఎండకి వదిలాం. ఆరాక చిన్న సుత్తి తీసుకొని మావయ్య రేకంతా అంగుళం అంగుళం కొడుతూ పోయాడు. గట్టి రేకు ఖణేల్ మంటుంది. తుప్పు తిన్న రేకు చచ్చిన చప్పుడు చేస్తుంది. అట్లాంటివి నాలుగు చోట్ల దొరికాయి, సున్నంతో గీత గీశాడు. ఒక చోట సుత్తి లోపలికి పోయింది. వెల్డింగు అబ్బాయి దాని మీద రేకుముక్క అతికిస్తానన్నాడు. మావయ్య కుదరదన్నాడు. చెడిన రేకు కోసి పారేసి, గట్టి రేకు వరకూ పోయి అక్కడినుంచి కొత్తది అతకాలి. చెడ్డదాని మీద అతికితే మధ్యలో తడి చేరి రెండూ పోతాయి. వెల్డింగుకి ముందు డీజిలు ట్యాంకు విప్పించి దూరంగా పెట్టించాడు. పాత చెక్క పొట్టు ఒక్కటి కూడా అడుగున లేకుండా ఊడిపించాడు. తర్వాత రెడ్ఆక్సైడు, దాని మీద పెయింటు. కమ్ముల కింద కంతలన్నీ చువ్వతో పొడిచి, ఒక బకెట్టు నీళ్లు అణియం దగ్గర పోసి, అవి అమరం దగ్గరికి చేరేదాకా కూర్చొని చూశాడు. అణియం అంటే పడవ ముందు భాగం, అమరం అంటే వెనక. ఇప్పటి కుర్రాళ్లకి ఆ మాటలు పోయాయి కాబట్టి చెప్తున్నాను.

చెక్క దగ్గర పెద్ద చర్చ జరిగింది. మావయ్యకి పలకలే కావాలి. టేకు గానీ, వేగిస గానీ, ఊరికే పరిచి లేపుకునేట్టు. యజమానికి అంత డబ్బు లేదు. పలకల సందుల్లో చెప్పు మడమలు ఇరుక్కుంటాయని కూడా అన్నాడు, అదీ నిజమే. చివరికి ప్లైవుడ్‌కే ఒప్పుకున్నాం గానీ ముద్ర చూసి తెచ్చాం. పడవలకి వాడే ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉంటుంది. మామూలు బీరువాల ప్లైవుడ్ మీద 303 అని ఉంటుంది. కొట్టువాడు రెండోదే చూపించి, ఇదీ అదీ ఒకటే అన్నాడు. ఒకటే కాదు. పడవ రకంలో పొరల నడుమ జిగురు మరిగే నీళ్లకి కూడా ఊడదు. అయినా జిగురు మంచిదని చెక్క కుళ్లకుండా పోదు. అందుకే ప్రతి ముక్కకీ పైనా కిందా, ముఖ్యంగా కోసిన అంచులకి, రెండు పూతలు రెసిను పట్టించాం. స్క్రూ కంతలు పెద్దగా తొలిచి, రెసినుతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సన్నగా తొలిచాం. అప్పుడు స్క్రూ వెంట దిగిన నీళ్లు చెక్కకి తగలవు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. షీటు వేయలేదు. పెయింటులో సన్నని ఇసుక కలిపి పూశాం, కాలు జారదు. మెరుపు లేదని యజమాని భార్య కొంచెం నొచ్చుకుంది.

అసలు పట్టుదల మూతల దగ్గర వచ్చింది. నేలలో నాలుగు చోట్ల మూతలు పెట్టాలని, చేత్తో లేపి అడుగు చూసేట్టు ఉండాలని మావయ్య అన్నాడు. మూతలు చప్పుడు చేస్తాయి, పిల్లలు లేపుతారు, వాసన వస్తుంది, ఒక్కటి చాలదా అన్నాడు యజమాని. చివరికి మూడు దగ్గర తెగింది. నాలుగోది పెట్టాలన్న చోటు వంటగది కింద. అక్కడ పెట్టనివ్వలేదు. మావయ్య ఆ రోజు అన్నం తినలేదు.

ఆ మూడు మూతలకీ ఇత్తడి కడియాలు బిగించాం. సర్వే చేసే ఆఫీసరు వచ్చినప్పుడు మావయ్య ఒక మూత లేపి టార్చి వేసి చూపించాడు. ఆయన వంగి, చాలాసేపు చూసి, ఇది ఎవరు పెట్టమన్నారు అని అడిగాడు. యజమాని తనే అన్నట్టు తల ఊపాడు. మావయ్య ఏమీ అనలేదు.

విహారం మళ్లీ మొదలైంది. పోలవరం కాఫర్ డ్యాము లేచాక దేవీపట్నం వైపు ఊళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి పోయాయి. 2022 జులై వరదకి మిగిలినవాళ్లూ లేచిపోవాల్సి వచ్చింది. మా ఊరు ఇప్పుడు మెట్ట మీద కాలనీ. వరసగా ఇళ్లు, సిమెంటు రోడ్డు, కుళాయి. ఏరు కనపడదు. మావయ్యకి ఇప్పుడు పని లేదు. బోట్లు మాత్రం గండిపోచమ్మ దగ్గర నుంచి తిరుగుతూనే ఉన్నాయి, మా పాత ఊళ్ల మీదుగానే పోతాయి. మునిగిన ఇళ్ల పైన ఏ నేల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారో ఎక్కేవాళ్లకి తెలియదు, మైకులో చెప్పేవాడు చెప్పడు.

మొన్న సంక్రాంతికి నేను ఆ బోటు ఎక్కాను. టిక్కెట్టు కొనే ఎక్కాను. నడిమి మూత మీద ఐస్‌క్రీము పెట్టె పెట్టారు. జరపమంటే కళాసీ కుర్రాడు విసుక్కున్నాడు, ఏం పోగొట్టుకున్నారు సార్ అన్నాడు. కడియం పట్టి లేపాను. అడుగున జానెడు నీళ్లున్నాయి, తేరుకొని ఉన్నాయి. ఎన్ని డబ్బాలు తోడుతున్నావని అడిగితే ఆ అబ్బాయికి నా ప్రశ్న అర్థం కాలేదు. మోటారు ఉంది సార్, స్విచ్ వేస్తే పోతాయి అన్నాడు. స్విచ్ ఎప్పుడు వేస్తావంటే సరంగు చెప్పినప్పుడు అన్నాడు. మావయ్య లెక్క గురించి అతనికి చెప్పాను. స్విచ్ వేశాక నీళ్లు అయిపోవడానికి ఎంతసేపు పడుతుందో రోజూ ఫోనులో రాసుకో, నిన్నటికంటే ఎక్కువైతే సరంగుతో చెప్పు అన్నాను. సరే అని ఫోను తీసి ఏదో రాసుకున్నాడు. పేరంటాలపల్లి వచ్చేసరికి ఐస్‌క్రీము పెట్టె మళ్లీ మూత మీదకే వచ్చింది.